మెరుపు చంపిన అద్దం

కృష్ణానగర్ గల్లీల్లో బసవపున్నయ్య ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. ప్రాపర్టీ పున్నయ్య అంటే మాత్రం చాయ్ బండివాడు పని మానుకుని మరీ ఇంటిదాకా దింపి వస్తాడు. సినిమాలో జమీందారు కూర్చునే పడక్కుర్చీ, తల్లి గుండెలకు హత్తుకునే ఫోటో ఫ్రేము, విలన్ కోపమొచ్చి విసిరికొట్టే పింగాణీ జాడీ ఎక్కడినుంచి వచ్చాయని ప్రేక్షకుడు అడగడు. అతనికేం, టిక్కెట్టు కొన్నాడు, కూర్చున్నాడు. కాని వాటిని ఎవరో ఒకరు ఎవరి గుమ్మంలోనో చేతులు కట్టుకు నిలబడి అడిగి తేవాలి. ఆ అడగడంలో పున్నయ్యను మించినవాడు అప్పటికి పరిశ్రమలో లేడు.

రేపల్లెలో ఉన్న కాస్త పొలమూ కౌలుకిచ్చి, వేషాలకోసం మద్రాసు వెళ్లి, పరిశ్రమతోపాటు హైదరాబాదు వచ్చి పడ్డాడు. వేషాలు దొరకలేదు గాని మంచిపేరు దొరికింది. "తెచ్చింది తెచ్చినట్టే ఇస్తానమ్మా" అని ఒక్క మాటంటే చాలు, ఫిల్మ్ నగర్ ఆడవాళ్లు అమ్మమ్మల నాటి వెండి గంధపుగిన్నెలు కూడా తీసి చేతిలో పెట్టేవాళ్లు. ఆ పేరు చూసుకుని అతనికి కొంచెం తలకెక్కింది కూడా. "నా చేతిలో పగిలిన గాజుముక్క ఒక్కటి చూపించండి" అని యూనిట్ భోజనాల దగ్గర అందరూ వినేట్టు అనేవాడు. తోటివాడెవడైనా కప్పో సాసరో పగలగొడితే, ఆ పూట వాడికి అన్నం సహించనిచ్చేవాడు కాదు.

అతనికి ఇంకో విద్య ఉంది. సెట్లో దీపాలు వేయగానే ప్రతి ఇత్తడి చెంబూ, ప్రతి గాజు పటమూ తళుక్కుమంటాయి. ఆ తళుకు కెమెరాకు పడదు. "పున్నయ్యా, మెరుపు చంపు" అని కెమెరామన్ కేక వేస్తాడు. పున్నయ్య జేబులోంచి ఎండిన సబ్బుముక్క తీసి పైపైన రుద్దుతాడు. మెరుపు చస్తుంది. షాటు అయ్యాక తడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి, పాత పేపరుతో నాలుగు రుద్దులు రుద్దితే వస్తువు మునుపటికంటే మెరుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

తొంభై ఏడులో ఆకాశంలోకి తోకచుక్క వచ్చింది. అరిష్టమని నిర్మాతలు ముహూర్తాలు వాయిదా వేసుకున్నారు. పున్నయ్య భార్య అమ్మాజీ అయితే, దాన్ని చూస్తే ఇంటికి కీడని పొద్దు వాలగానే మొగుణ్ణి ఆకాశంవైపు తలెత్తనిచ్చేది కాదు. ఒక్క నిర్మాత మాత్రం గాలి వాటం చూసి తూర్పార పట్టుకునే రకం. తోకచుక్కను చూసే సైంటిస్టు హీరోగా ప్రేమకథ మొదలుపెట్టాడు. దానికి టెలిస్కోపు కావాలి. బొంబాయి నుంచి తెప్పిద్దామన్నారు. "నేనుండగా బొంబాయి ఎందుకండీ?" అన్నాడు పున్నయ్య.

అతని మనసులో ఉన్నది వెంకటనర్సయ్య సారు. జూబిలీ హిల్స్‌లో సినిమావాళ్ల మేడలు లేవకముందే, బండరాళ్ల మధ్య చిన్న డాబా కట్టుకున్న మనిషి. ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. చిన్నతనంలో అమ్మవారు పోసి కుడికన్ను పోయింది. ఉన్న ఎడమ కంటితోనే పుస్తకాలన్నీ చదివారు, ఆ కంటితోనే నక్షత్రాలు చూశారు. వాళ్లింటి పాత రేడియో, ఇత్తడి గంగాళం పున్నయ్య ఎన్ని సినిమాలకు తీసుకెళ్లాడో, ఎన్నిసార్లు భద్రంగా తిరిగి తెచ్చాడో లెక్కలేదు. సారు ఎప్పుడూ కిరాయి పుచ్చుకోలేదు. సారు భార్య కౌసల్య అతన్ని తమ్మీ అని పిలిచేది.

సారు దగ్గర ఒక టెలిస్కోపు ఉంది, బొంబాయిలో ఒక పార్సీ ఆయన దగ్గర పాతది కొన్నారు. మనిషి నడుం ఎత్తు గొట్టం, దాని అడుగున అన్నం పళ్లెమంత అద్దం. కొన్నప్పుడు అద్దం మీద పూత చిలుమెక్కి ఉంటే, విప్పి మళ్లీ బొంబాయి పంపించారు. ఆ పూత పూయించుకుని తేవడానికి ఒక వానాకాలం మొత్తం పట్టింది. పున్నయ్య అడగడానికి వెళ్లేనాటికి తోకచుక్క తెల్లవారుజామున తూర్పున కనిపించేది. సారు ఇంటికి తూర్పంతా బండలే అడ్డం. నెలాఖరుకు అది సాయంత్రం పడమటికి వస్తుందని, అప్పుడు చూడాలని ఆయన కాచుకుని ఉన్నారు.

"ఒక్క పూటకే సార్" అన్నాడు పున్నయ్య.

"తీస్కపో. కని ఒక్కటి యాదుంచుకో" అన్నారు సారు. "మనింట్ల అద్దానికి పూత ఎనక ఉంటది, గాజు ముంగటుండి కాపాడ్తది. దీనికి పూత ముంగటనే. చెయ్యి తాకొద్దు, బట్ట తాకొద్దు. మూత తియ్యనే వద్దు. పైలం."

"అలాగే సార్. తెచ్చింది తెచ్చినట్టే" అన్నాడు పున్నయ్య. జాగ్రత్తలు చెప్పనివాళ్లెవరు? గంధపుగిన్నె ఇచ్చే ఆవిడా చెబుతుంది, గంగాళం ఇచ్చే ఆవిడా చెబుతుంది. ప్రతిదానికీ తల ఊపడం అతనికి అలవాటైపోయింది. ఈ మాట కూడా ఆ ఊపులోనే పోయింది.

సెట్లో దర్శకుడు గొట్టం చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు. "గొట్టంలో ఏముందయ్యా! లోపలి అద్దం తీయండి. హీరో దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంటే, అందులో హీరోయిన్ ముఖం చందమామంత కనబడాలి."

"అది విప్పకూడదండీ. మాటిచ్చి తెచ్చాను."

"ఎవరికి? నిర్మాతగారికా?" అన్నాడు దర్శకుడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని పున్నయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే అతని మాట పోయింది. తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చింది కూడా అతనే.

అద్దం నిజంగానే బాగుంది. హీరోయిన్ ముఖం అందులో ఇంతై అంతై కనబడేసరికి సెట్టంతా ఆహా అంది. దీపాలు వేయగానే మాత్రం భగ్గుమంది. "పున్నయ్యా, కళ్లలో కొడుతోందయ్యా! పై సగం చంపు" అని కెమెరామన్ అరిచాడు. పున్నయ్య చెయ్యి ఆలోచించకుండానే జేబులోకి పోయింది. సబ్బు రుద్దాడు. షాటు కుదరలేదు. తుడిచి మళ్లీ రుద్దాడు. మధ్యాహ్నమంతా అదే వరస. ఒకచోట తుడవడం, ఇంకోచోట పూయడం. షాటు ఓకే అయ్యాక పున్నయ్య అద్దాన్ని ప్రాపర్టీ గదిలోకి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి, పేపరు ఉండచుట్టి శుభ్రం చేయడం మొదలుపెట్టాడు.

పేపరు నల్లబడింది. మురికి అనుకుని ఇంకా గట్టిగా రుద్దాడు. కాసేపటికి అద్దం వెనక పట్టుకున్న తన వేళ్లు తనకే కనిపించాయి. అర్థం కాలేదు. బల్లమీద పెట్టి చూశాడు. అద్దం నడుమ, కింద ఉన్న చెక్క గీతలు తేటగా కనిపిస్తున్నాయి. అంచుల చుట్టూ కాస్త మెరుపు మిగిలింది. మధ్యలో ఉన్నది ఉత్త గాజు.

పూత ముంగటనే ఉంటదని సారు చెప్పిన మాట అప్పుడు చెవిలో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పున్నయ్య తిట్లకు భయపడ్డాడంటే అబద్ధం. సారు తిట్టే మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరు పోతుందని భయపడ్డాడు. పున్నయ్య పోగొట్టాడట అని భోజనాల దగ్గర అనుకుంటారు. తను నోరు పారేసుకున్న తోటివాళ్లంతా అనుకుంటారు. అందుకని అద్దాన్ని మళ్లీ గొట్టం అడుగున బిగించి, మూత పెట్టి, పాత దుప్పటిలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చేశాడు.

వేరే ఎవరైనా అయితే మూత తీసి చూసుకునేవాళ్లు. సారు చూసుకోలేదు. పున్నయ్య తెచ్చాడు కనక చూసుకోలేదు. "తెచ్చింది తెచ్చినట్టే, ఏం పున్నయ్యా?" అని నవ్వుతూ గొట్టం మీద చెయ్యి వేశారు. "అవును సార్" అన్నాడు పున్నయ్య. కౌసల్య ఇచ్చిన చాయ్ సగం వదిలేసి లేచాడు.

నెలాఖరున కబురొచ్చింది, తోకచుక్క పడమటికి వచ్చింది, మొదట పున్నయ్యే చూడాలి, రమ్మని. అమ్మాజీ వద్దంది. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో కూర్చోలేక వెళ్లాడు. అప్పుడే చీకటి పడుతోంది. డాబామీద సారు మూత తీసి, గొట్టాన్ని పడమటికి తిప్పి, ఎడమ కన్ను ఆనించి చాలాసేపు చూశారు. ఏవో మరలు తిప్పారు. పంచె చెంగుతో కన్ను తుడుచుకుని మళ్లీ చూశారు. పున్నయ్య తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

"కౌసల్యా, నువ్వు చూడు" అన్నారు చివరికి.

ఆవిడ వంగి చూసింది. "నాకేమో పొగలెక్క అనిపిస్తుంది. నా కండ్లద్దాలే సక్కగ లెవ్వు, నన్నడిగితె ఏం జెప్పాలె?"

"పున్నయ్యా, నీ కండ్లు మంచియి. నువ్వు చూడు. రెండు తోకలుండాలె. ఒకటి తెల్లగ, ఇంకోటి నీలం రంగుల."

పున్నయ్య వంగాడు. తడిగుడ్డతో తుడిచేసిన ముగ్గులా ఏదో తెల్లటి మరక కనిపించింది, అంతే. చెప్పడానికి అదే సమయం. కనబడట్లేదు సార్ అంటే, సారు టార్చిలైటు తెచ్చి గొట్టంలోకి వేసి చూస్తారు. పున్నయ్య గొట్టం దగ్గర్నుంచి లేచాడు.

"బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు.

"రెండు తోకలున్నయా?"

"రెండూ ఉన్నాయి సార్. ఒకటి తెల్లగా, ఒకటి నీలంగా."

సారు ముఖం ఒక్కసారి వెలిగింది. ఆ తర్వాత మెల్లగా పిట్టగోడమీద కూర్చున్నారు. "అట్లనా. అయితె నా కన్నే" అన్నారు. "కండ్ల డాక్టరు పోయినేడే చెప్పిండు, పొర మొదలైందని. గింత జల్ది కమ్ముకుంటదనుకోలే." పున్నయ్య భుజం తట్టారు. "పోనీ, నువ్వన్నా చూసినవ్."

ఆ తట్టిన చెయ్యి బరువు పున్నయ్య ఇంటికెళ్లేదాకా భుజం మీదే ఉంది.

వారం తిరక్కుండానే సారు శ్రీనగర్ కాలనీలో కళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరారు, తోడుకు పున్నయ్యనే రమ్మన్నారు. డాక్టరు కంట్లో లైటు వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "పొర ఇంకా ముదరలేదండీ. మీకు షుగరుంది, ఉన్నది ఒక్క కన్ను. ఏదైనా తేడా వచ్చిందంటే ఇక చేసేదేం ఉండదు. ఇంకో ఏడాది ఆగుదాం."

"తోకచుక్క ఆగదు గద డాక్టర్" అన్నారు సారు. "మల్ల అది వచ్చేసరికి మనమెవరం ఉండం. పున్నయ్యకు రెండు తోకలు కనబడ్డయ్, నాకు ఒక్కటి గూడ కనబడలే. ముదరలేదంటె నేనెట్ల నమ్మాలె?"

డాక్టరు పున్నయ్య వైపు తిరిగాడు. "మీకు స్పష్టంగా కనిపించిందా?"

అవునని పున్నయ్య తల ఊపాడు. ఆ తల తెగి కిందపడినా బాగుండుననిపించింది. డాక్టరు చాలాసేపు ఆలోచించి, సారు పట్టు విడవకపోయేసరికి, గురువారం పొద్దున రమ్మన్నాడు.

బుధవారం దాకా పున్నయ్య కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. సెట్లో ఎవరో అద్దం తెమ్మంటే వేరేవాణ్ణి పంపాడు. మాట నిలబెట్టుకోవాలని కదా దాచాడు, ఇప్పుడు ఆ మాట కోసం ఒక మనిషి కన్ను తాకట్టు పెట్టాడు. చెబుదామని రెండుసార్లు జూబిలీ హిల్స్ మలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. తనమీద తనకే రోత పుట్టింది.

బుధవారం సాయంత్రం గేటు దగ్గరే కౌసల్య ఎదురొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "తమ్మీ, నా మాట ఇంటలేడు. నువ్వు జెప్తె ఇంటడు. ఆ ఒక్క కన్ను గిట్ల పోతె ఎట్ల బతుకుతడు? జర వద్దని చెప్పు తమ్మీ" అని అతని రెండు చేతులూ పట్టుకుంది. సబ్బు రుద్దిన చేతులు అవి.

లోపల హాల్లో సారు కన్ను గట్టిగా మూసుకుని, గోడకు చెయ్యి ఆనించుకుంటూ వంటింటివైపు నడుస్తున్నారు. స్టూలు కాలికి తగిలి ఆగారు. అడుగుల చప్పుడు విని, కన్ను తెరవకుండానే నవ్వారు. "ఎవరు, పున్నయ్యనా? ఏం లేదు, జర అలవాటు చేస్కుంటున్న. రేపు ఏమైతదో ఎవరికెరుక."

పున్నయ్య అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు.

"మీ కన్ను బానే ఉంది సార్. అద్దమే పోయింది. నేనే పోగొట్టాను. సెట్లో విప్పాం. సబ్బు రుద్దాను, సుద్దపొడితో తోమాను. పూతంతా పోయింది. తెలిసీ తెచ్చి ఇచ్చాను సార్. తెలిసీ అబద్ధం చెప్పాను."

సారుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక టార్చిలైటు తీసుకుని డాబా మీది గదిలోకి వెళ్లారు. వెనకే పున్నయ్య, కౌసల్య వెళ్లారు. సారు మూత తీసి గొట్టంలోకి లైటు వేశారు. అడుగున అద్దం నడుమ తుడిచిపెట్టుకుపోయి, వెనకున్న చెక్క కనిపించింది. పున్నయ్య కళ్లు మూసుకుని తిట్లకోసం నిలబడ్డాడు.

"కౌసల్యా!" అని సారు కేక వేశారు. "నా కన్ను మంచిగనే ఉందే! అద్దమేనే పోయింది! నా కన్ను మంచిగుంది!"

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. కౌసల్య ఏడుస్తూ దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. ఆ సంబరంలో ఏం చేస్తున్నదీ తెలియక కిందికి పరిగెత్తి గుప్పెడు చక్కెర తెచ్చి, "నోరు తీపి చేస్కో తమ్మీ, చల్లని మాట చెప్పినవ్" అని పున్నయ్య అరచేతిలో పోసింది. చెప్పుతో కొట్టినా పున్నయ్య ఓర్చుకునేవాడు. ఆ చక్కెరను ఏం చేయాలో తెలియక చెయ్యి చాచినట్టే ఉంచి నిలబడ్డాడు. ఈ ఆనందాన్ని ఇన్నాళ్లు వీళ్లకు లేకుండా చేసింది తనేనన్న సిగ్గు అరికాలి నుంచి నడినెత్తికి పాకింది.

సారు నవ్వు నెమ్మదిగా ఆగింది.

"మరి ఆ దినం నీకేం కనబడ్డది?" అని అడిగారు.

"ఏమీ లేదు సార్. మసక."

"రెండు తోకలు?"

"మీరు చెప్పిందే తిప్పి మీకు చెప్పాను."

సారు గొట్టం మూత చేతిలో పట్టుకుని తిప్పుతూ కూర్చున్నారు. "అద్దం పోతె పోయింది" అన్నారు ఆఖరికి. "మల్ల బొంబాయి పంపుత, మల్ల పూత పూస్తరు. గిది మల్లొచ్చేదాంక తోకచుక్క ఉండదు, గంతె. దానికి ఫికర్ లేదు. కని పున్నయ్యా, నువ్వన్నా చూసినవని సంబురపడ్డ నేను. నా దుర్బీన్ల ఒక్క మనిషన్నా రెండు తోకలు చూసిండని అందరికి చెప్పుకున్న. గాయింత సంబురం గూడ లేకపాయె."

పున్నయ్య నోరు తెరిచాడు. "తెచ్చింది తెచ్చినట్టే" అన్న మాట తప్ప, జన్మలో ఇంకో మాట నేర్చుకోనట్టు ఏమీ రాలేదు. మూసుకున్నాడు. అరచేతిలో చక్కెర చెమటకు జిగటగా కరుగుతోంది.

సారు లేచి అతని రెక్క పట్టుకుని గది బయటకు నడిపించారు. డాబా మీద మసక చీకటి. దిగువన ఫిల్మ్ నగర్ దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. పడమటి బండల పైన, ఏ గొట్టమూ అద్దమూ అక్కర్లేకుండా, ఇన్నాళ్లూ అమ్మాజీకి భయపడి అతను తలెత్తి చూడనిది ఉంది.

"చూడు" అన్నారు సారు. "నాకు జర అలుక్కపోయినట్టు కనబడ్తది. నువ్వు చూసి నాకు చెప్పు. ఉన్నదే చెప్పు."

పున్నయ్య తలెత్తాడు. కళ్లనిండా నీళ్లే. దీపాలూ బండలూ ఆకాశమూ అన్నీ ఒకటైపోయాయి.

"ఏమీ కనబడట్లేదు సార్" అన్నాడు. ఆ డాబామీద ఆకాశం కింద నిలబడి అతను చెప్పిన మొదటి నిజం అది.

"కండ్లు తుడుచుకో."

పున్నయ్య చక్కెర లేని చెయ్యి ఎత్తి కళ్లు గట్టిగా నులుముకోబోయాడు. సారు ఆ మణికట్టు పట్టుకుని ఆపారు.

"రుద్దకు" అన్నారు. "జర మెల్లగ."